గుట్టెక్కిన గొంతు

(పాఠశాల స్వర్ణోత్సవాల్లో భాగంగా జరిగిన పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ఫోన్ చేసి, "నీ ఉద్యోగం గురించి చెప్పకు, అది అందరూ చెప్తారు. నీ పిచ్చి గురించి చెప్పు" అన్నారు. నా పిచ్చి ఏమిటో మా బ్యాచ్ వాళ్లకు తెలుసు. డాబా మీద బట్టలారేసే తీగకన్నా పొడవైన తీగ ఒకటి కట్టి, పొద్దున్నే చాయ్ గ్లాసు పక్కన పెట్టుకుని, ముక్కూ మొహం తెలియని మనుషులతో రేడియోలో మాట్లాడటం. దీన్ని హామ్ రేడియో అంటారు. తెలుగులో అభిరుచి రేడియో అనుకోవచ్చు. ప్రభుత్వం పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది. దీనితో వ్యాపారం చేయకూడదు, పైసా సంపాదించకూడదు. నేర్చుకోవడానికి, ప్రయోగాలు చేయడానికి, ఆపదలో ఆదుకోవడానికి మాత్రమే వాడాలి.

"చేతిలో ఫోన్ ఉండగా ఈ తీగలెందుకు సార్?" అని పిల్లలు అడుగుతారు. సరైన ప్రశ్నే. ఇక్కడి నుంచి మీరు పక్క వీధిలోని అమ్మకు ఫోన్ చేస్తే మధ్యలో ఎవరెవరు ఉంటారో లెక్కపెట్టండి. టవరు, దానికి కరెంటు, కరెంటు పోతే బ్యాటరీ, అది అయిపోతే జనరేటరు, దానికి డీజిలు, టవరు నుంచి భూమిలో వెళ్లే ఫైబర్, ఆ చివర కంప్యూటర్లు, వాటిని నడిపే కంపెనీ. ఇందులో ఏ ఒక్కటి ఆగినా మీ చేతిలోది ఫోటోలు చూసుకునే పెట్టె అవుతుంది. రెండు రేడియోల మధ్య అయితే గాలి తప్ప ఇంకేమీ లేదు. గాలిని ఎవరూ తెంపలేరు. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దీనికి వివరణ.

నాకు ఈ పిచ్చి అంటించింది ఈ బడే. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, ఇప్పుడు ముందు వరుసలో కూర్చుని నవ్వుతున్న మా సైన్స్ సారు, ఒక అట్టగొట్టం మీద రాగితీగ చుట్టించారు. దానికి ఒక చిన్న డయోడు, ఒక కండెన్సరు, చెవికి పెట్టుకునే ఫోను. బడి కప్పు నుంచి వేపచెట్టుకు ఒక తీగ, నీళ్లు పోసి తడిపిన నేలలోకి ఇంకో తీగ. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. చెవికి పెట్టుకుంటే ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం వార్తలు సన్నగా వినిపించాయి. 738 కిలోహెర్ట్జ్. మేమంతా సెల్లు ఎక్కడ దాచారో అని బల్ల కింద వెతికాం. సారు అన్న మాట నాకు గుర్తుంది: "సెల్లు లేదురా. హైదరాబాద్‌లో వాళ్లు పంపిన శక్తే ఇక్కడిదాకా వచ్చి నీ చెవిలో మాట్లాడుతోంది." ఆ తరువాత ఇంజనీరింగ్ చదివాను, మాక్స్‌వెల్ సమీకరణాలు రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ విద్యుదయస్కాంత తరంగం అంటే ఏమిటో నాకు అర్థమైంది ఆ వేపచెట్టు కిందే.

హామ్‌ల గురించి రెండు ముక్కలు. ఇది ఎవరో కొందరు గొప్పవాళ్ల ఆట కాదు. ప్రధానిగా పనిచేసిన రాజీవ్ గాంధీకి ఈ లైసెన్సు ఉండేది. వ్యోమగామి కల్పనా చావ్లాకూ ఉండేది. అలాగే లారీ డ్రైవర్లు, రైతులు, బడిపంతుళ్లు, డాక్టర్లు, చూపు లేనివాళ్లు కూడా హామ్‌లుగా ఉన్నారు. రేడియోలో ఎవరి హోదా ఎవరికీ కనిపించదు. ఎవరికైనా ఒక కాల్‌సైనే పేరు. మన దేశంలో జనరల్ గ్రేడ్ వాళ్లకు వీయూ2తో, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ వాళ్లకు వీయూ3తో అది మొదలవుతుంది. పన్నెండేళ్లు నిండినవాళ్లు ఎవరైనా పరీక్ష రాయవచ్చు.

సెట్టు ఖరీదెక్కువ కదా అని భయపడేవాళ్లకు ఒక హైదరాబాదీ పేరు చెప్పాలి. అష్హర్ ఫర్హాన్. దాదాపు ఇరవై ఏళ్ల క్రితం ఈయన బిట్‌ఎక్స్ అనే సెట్టుకు రూపకల్పన చేసి, దాని సర్క్యూటును ఉచితంగా అందరి ముందూ పెట్టారు. ఆరు వాట్ల సెట్టు. విదేశాల్లో దొరికే ప్రత్యేక భాగాలు మనకు దొరకవని తెలిసి, మన ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే మామూలు ట్రాన్సిస్టర్లతోనే నడిచేలా చేశారు. కాయిల్ చుట్టుకోవడానికి ఆయన వాడిన వాటిలో నల్లాకు వేసే వాషరు కూడా ఉంది. ఆ సర్క్యూటు చూసి ప్రపంచమంతటా ఎందరో తమ సెట్టు తామే కట్టుకున్నారు. బంజారాహిల్స్‌లోని లామకాన్‌లో ఆయనా, మిత్రులూ కూడుకునే రేడియో క్లబ్బు ఉంది. చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉన్న ఎవరికైనా అక్కడ ఒక కుర్చీ దొరుకుతుంది.

ఇప్పుడు మన నేల గురించి మాట్లాడదాం. నల్లగొండ, పాలమూరు రెండూ గుట్టల నేలలు. మన ఊరు రెండు గుట్టల మధ్య ఉంది. దేవరకొండ, రాచకొండ, భువనగిరి, కోయిలకొండ అన్నీ గుట్టమీది కోటలే. రాజులు కోటలు అక్కడెందుకు కట్టారు? ఎత్తు మీదుంటే దూరం కనిపిస్తుంది కాబట్టి. రేడియోకూ ఇదే సూత్రం. పోలీసుల చేతుల్లో మీరు చూసే వాకీటాకీ లాంటి సెట్ల తరంగాలు దాదాపు చూపులాగే తిన్నగా పోతాయి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి కొంత దూరం తరువాత నేల అడ్డొస్తుంది.

పిల్లలూ, ఈ లెక్క రాసుకోండి. మీ యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చవేయండి. వచ్చిన సంఖ్య మీ రేడియో ఎన్ని కిలోమీటర్లు చూస్తుందో చెబుతుంది. నేల మీద నిలబడి ఒకటిన్నర మీటర్ల ఎత్తులో సెట్టు పట్టుకుంటే 5 కిలోమీటర్లు. అవతలి మనిషీ అలాగే నిలబడితే ఇద్దరి మధ్య మొత్తం 10. ఇది కాగితం మీది లెక్క. ఇళ్లు, చెట్లు, రాళ్లు అడ్డుండే ఊళ్లో 3, 4 వస్తే అదృష్టమే. అదే సెట్టుతో వంద మీటర్ల గుట్ట ఎక్కండి. వందకు వర్గమూలం పది, హెచ్చవేస్తే 41 కిలోమీటర్లు. సెట్టు మారలేదు, పవరు పెరగలేదు, బ్యాటరీ అదే. కాళ్లకు కొంచెం పని చెప్పాం, అంతే. నల్లగొండ చుట్టూ నలభై కిలోమీటర్లంటే నకిరేకల్, మునుగోడు, హాలియా, మిర్యాలగూడ అన్నీ ఆ గీత లోపలే ఉంటాయి.

కానీ రోజూ గుట్టెక్కి కూర్చోలేం కదా? మన బదులు గుట్ట మీద ఒక యంత్రాన్ని కూర్చోబెడతారు. దాని పేరు రిపీటర్. పేరుకు తగ్గట్టే, కింద ఎవరో మాట్లాడింది విని, అదే మాటను అదే క్షణంలో పెద్ద గొంతుతో మళ్లీ చెబుతుంది. గుట్టకు ఇటు పక్క ఊళ్లో ఉన్న మనిషి, అటు పక్క ఊళ్లో ఉన్న మనిషితో చేతిసెట్టుతో మాట్లాడుకోవచ్చు. ఇద్దరికీ ఒకరినొకరు చూసే దారి లేదు. ఇద్దరికీ గుట్ట మాత్రం కనిపిస్తుంది. అది చాలు.

వినడం, చెప్పడం ఒకేసారి ఎలా? రెండు వేర్వేరు ఫ్రీక్వెన్సీలు వాడతారు. ఉదాహరణకు 145.0 మెగాహెర్ట్జ్ దగ్గర వింటే, 145.6 దగ్గర చెబుతుంది. మధ్య తేడా 600 కిలోహెర్ట్జ్. ఇందులో ఒక చిక్కుంది. తన నోటి నుంచి వచ్చే పెద్ద శబ్దం తన చెవినే చెవుడు చేస్తుంది. పెళ్లి బ్యాండులో డ్రమ్ము వాయించేవాడు, వాయించడం ఆపకుండా, పది గజాల అవతల ఎవరో చెప్పే గుసగుసను వినాలంటే ఎంత కష్టమో అంత కష్టం. దీనికి డూప్లెక్సర్ అనే పరికరం పెడతారు. బిందెలు వరుసగా నిలబెట్టినట్టు లోహపు గొట్టాలుంటాయి. ఒక్కో గొట్టాన్ని శ్రుతి చేస్తే, వచ్చే తరంగానికి ఒక దారి, పోయే తరంగానికి ఒక దారి ఏర్పడుతుంది. ఒకే యాంటెన్నాతో రెండు పనులూ జరుగుతాయి. తంబురా శ్రుతి చేయడం తెలిసినవాళ్లకు ఆ ఓపిక ఏమిటో తెలుసు. స్క్రూ వెంట్రుకవాసి తిప్పితే చాలు, లెక్క మారిపోతుంది.

ఇంకో చిన్న ఏర్పాటు. ఎక్కడో మోటారు చేసే గరగర శబ్దానికి రిపీటర్ ఊరికే మేల్కోకుండా, మన మాటతో పాటు ఒక సన్నటి మంద్రస్వరం కూడా పంపుతాం. 88.5 హెర్ట్జ్ లాంటిది. అది వింటేనే రిపీటర్ తలుపు తీస్తుంది. వినేవాళ్లకు ఆ స్వరం వినపడకుండా సెట్టే వడపోస్తుంది. ఎవరైనా బటన్ నొక్కి మరిచిపోతే, కాసేపటికి తనంతట తానే నోరు మూసుకునే గడియారమూ ఉంటుంది. మన సభల్లో మైకులకు కూడా అలాంటిది ఉంటే బాగుండునని కొందరు అనుకుంటున్నట్టున్నారు. త్వరగా ముగిస్తాను.

యంత్రం సంగతి పుస్తకాల్లో ఉంటుంది. దాన్ని బతికించుకోవడం పుస్తకాల్లో ఉండదు. హైదరాబాద్‌లో ఒక ఎత్తైన భవనం మీద మిత్రులు నడిపే రిపీటర్‌కు నేను చాలాకాలంగా చేయిసాయం చేస్తున్నాను. మేలో ఎండకు పెట్టె లోపల వేడి పెరిగి ట్రాన్సిస్టర్లు నీరసిస్తాయి. వానాకాలంలో కేబుల్ చివరన చుక్కనీరు చేరినా సిగ్నల్ సగం అక్కడే ఆవిరవుతుంది. పిడుగు సంగతి చెప్పనక్కరలేదు. కోతులకు నల్ల కేబుల్ అంటే ఎందుకో చాలా ఇష్టం. ఇవన్నీ చూసుకునేది జీతగాళ్లు కాదు. ఒకరు బ్యాంకులో చేస్తారు, ఒకరు మెడికల్ షాపు నడుపుతారు. ఆదివారం నిచ్చెన మీద ఉంటారు. రిపీటర్ అంటే నా దృష్టిలో సగం యంత్రం, సగం మనుషులు. మనుషులు లేనిచోట యంత్రం రెండు వానాకాలాలు కూడా నిలవదు.

ఒక అనుభవం చెబుతాను. ఒక దసరా సెలవుల్లో ఇక్కడికి వచ్చినప్పుడు మా ఇంటి డాబా మీద నుంచి ఆ హైదరాబాద్ రిపీటర్‌ను పిలిచాను. గాలి హోరు తప్ప ఏమీ లేదు. మర్నాడు పొద్దున్నే చేతిసెట్టు, ఐదు వాట్లది, సంచిలో వేసుకుని ఇద్దరు మేనల్లుళ్లతో గుట్టెక్కాను. అల్యూమినియం కడ్డీలతో ఇంట్లో చేసుకున్న చిన్న యాంటెన్నాను వాయవ్యానికి తిప్పి, కాల్‌సైన్ చెప్పి ఆగాను. రెండు క్షణాల్లో హైదరాబాద్ నుంచి జవాబు: "మీరు స్పష్టంగా వినిపిస్తున్నారు. ఎక్కడి నుంచి?" నల్లగొండ గుట్ట మీద నుంచి అన్నాను. అవతలి గొంతులో ఆశ్చర్యం. మేనల్లుళ్ల మొహాల్లో అంతకన్నా ఎక్కువ. ఇందులో మంత్రం లేదు. హైదరాబాద్ మనకన్నా వంద మీటర్లకు పైగా ఎత్తున్న నేల మీద ఉంది. ఆ భవనం ఎత్తు దానికి తోడు. ఇటు మన గుట్ట. రెండు ఎత్తులు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. చిన్నవాడు అడిగాడు, "మామా, ఇంతకుముందు ఈ గుట్ట మీద ఏం చేసేవాళ్లం మనం?" పతంగులు ఎగరేసేవాళ్లం అని చెప్పాను.

ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్లు పాలమూరులో ఉన్నాను. అక్కడ ఇంకో పాఠం నేర్చుకున్నాను. మన్ననూరు దాటి నల్లమలలోకి పోతే లోయలు, దట్టమైన అడవి. చేతిసెట్టు అక్కడ పనికిరాదు. చూపు పోయే దారే లేదు మరి. దానికి 7 మెగాహెర్ట్జ్ తరంగం కావాలి. రెండు చింతచెట్ల మధ్య ఇరవై మీటర్ల తీగను మరీ ఎత్తు లేకుండా కడితే, తరంగం తిన్నగా ఆకాశంలోకి పోయి, పైన అయనోస్ఫియర్‌కు తగిలి, చుట్టూ రెండు మూడు వందల కిలోమీటర్ల మేర వానలా కిందికి దిగుతుంది. లోయ గోడలు దాన్ని ఆపలేవు. అది పైనుంచి వస్తోంది కాబట్టి. మోటారు సైకిల్ బ్యాటరీ, తీగ, సెట్టు. ఇంతే సామాను. చింతచెట్టు కింద కూర్చుని ఒకసారి హైదరాబాద్‌తో, ఆ తరువాత విజయవాడతో, బెంగళూరుతో మాట్లాడాను. పక్కన నిలబడి చూసిన ఒక చెంచు పెద్దాయన, "తీగ మీద కూర్చున్న పిట్టకు ఏం కాదు కదా?" అని అడిగాడు. నేను నడిపే కొద్దిపాటి పవరుకు ఏమీ కాదని చెప్పాను. అయినా పిట్ట లేచిపోయేదాకా ఆగి మాట్లాడాను.

మిత్రులారా, ఇప్పటిదాకా చెప్పింది సరదా. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మన రెండు జిల్లాల చరిత్రలో రెండు తేదీలున్నాయి. 1956 సెప్టెంబర్ 2. జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వరదకు దెబ్బతిన్న వంతెన రైలు కింద కూలింది. వందమందికి పైగా చనిపోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వబోయారు. నెహ్రూ ఒప్పుకోలేదు. ఆ నవంబర్‌లో అరియలూరు ప్రమాదం తరువాత మళ్లీ ఇచ్చినప్పుడు ఆమోదించారు. రెండో తేదీ 2005 అక్టోబర్ 29. మన వలిగొండ దగ్గర. కుండపోత వానలకు పైన చెరువు తెగి, ఆ నీరు రైలు కట్టను, చిన్న వంతెనను ఊడ్చుకుపోయింది. తెల్లవారుజామున వచ్చిన డెల్టా ప్యాసింజర్ ఆ ఖాళీలో పడింది. కనీసం 114 మంది పోయారు. రెండు ప్రమాదాల మధ్య 49 ఏళ్లు. రెంటిలోనూ వాన, నీరు, చీకటి, ముందేముందో తెలియక వస్తున్న రైలు.

అక్కడ ఒక రేడియో ఉంటే అందరూ బతికేవారని నేను అనను. అలా అనడం చనిపోయినవాళ్ల పట్ల మర్యాద కాదు. నేను అడిగేది వేరే ప్రశ్న. మన ఊళ్లలో చెరువుకు నీరటి ఉండేవాడు. తూము తీయడం, మూయడం, వానాకాలం రాత్రుళ్లు కట్ట మీద తిరగడం అతని పని. కట్టకు గండి పడేలా ఉంటే అరుచుకుంటూ ఊళ్లోకి పరుగెత్తుకొచ్చేవాడు. అతని కబురు ఊరి దాకానే చేరేది. గొంతు చేరినంత దూరమే కబురు. ఆ కబురు పది కిలోమీటర్ల అవతల ఉన్న స్టేషన్‌కు, తహసీల్దారుకు, దిగువ ఊరికి, కరెంటు పోయిన అర్ధరాత్రి, వాగులు పొంగి రోడ్లు తెగినప్పుడు ఎలా చేరాలి? ఈ రోజు అయితే ఫోన్ అంటాం. ఫోన్ పనిచేసినంతసేపూ అదే మంచిది, నేనూ ఫోనే చేస్తాను. 2009 అక్టోబర్‌లో కృష్ణా, తుంగభద్ర పొంగి అలంపురం, రాజోలి మునిగినప్పుడు, అవతల కర్నూలు మునిగినప్పుడు చూశాం. ముందు కరెంటు పోతుంది. దాని వెనకే మిగతావన్నీ పోతాయి. సరిగ్గా కబురు కావలసిన గంటలోనే కబురుదారి మూసుకుపోతుంది.

అలాంటి గంటలో ఏం చేయవచ్చో చూపించింది మన హైదరాబాద్ సంస్థే. సోమాజిగూడలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 1983లో మొదలైంది. 2004 డిసెంబర్‌లో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ అనే మహిళ నాయకత్వంలో ఒక బృందం అండమాన్‌కు వెళ్లింది. వాళ్లు వెళ్లింది సరదాకే. అండమాన్ నుంచి చాలా ఏళ్లుగా హామ్‌లెవరూ మాట్లాడలేదు. ప్రపంచంలోని హామ్‌లందరికీ ఆ దీవులతో ఒక్క పలకరింపు కావాలి. పోర్ట్‌బ్లెయిర్‌లో యాంటెన్నాలు కట్టి రాత్రింబగళ్లు పలకరిస్తూ ఉన్నారు. డిసెంబర్ 26, ఆదివారం ఉదయం భూమి కంపించింది. వెనకే సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. ఆమె సరదా ఆపేసి, అదే సెట్టు మీద ప్రధాన భూభాగానికి సమాచారం పంపడం మొదలుపెట్టారు. బృందంలోని వాళ్లు కార్ నికోబార్‌కు కూడా సెట్లు తీసుకుని వెళ్లారు. ఎవరు బతికి ఉన్నారు, ఎక్కడున్నారు, ఏం కావాలి అనే కబుర్లు ఆ తీగల మీదుగా నడిచాయి. తమవాళ్ల జాడ తెలియక కుమిలిపోతున్న ఇళ్లకు "క్షేమం" అన్న ఒక్క మాట చేరింది. ఆ ఒక్క మాట విలువ ఏమిటో, వలస వెళ్లిన మనిషి దగ్గరి నుంచి నెలల తరబడి ఉత్తరం రాని పాలమూరు ఇళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అండమాన్ ఉదంతంలో నాకు కనిపించే నీతి ఇది. ఆపద వచ్చాక రేడియో కొనుక్కుని ఎవరూ వెళ్లలేదు. యాంటెన్నా అప్పటికే కట్టి ఉంది. బ్యాటరీ అప్పటికే నిండి ఉంది. చేయి అప్పటికే తిరిగి ఉంది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వితే ఏం లాభం? అభిరుచి అంటే, అవసరం లేని రోజుల్లో బావి తవ్వి ఉంచుకోవడం.

చేయి తిరగడం అంటే ఏమిటో కూడా చెప్పాలి. రేడియోలో మొదటి పాఠం మాట్లాడటం కాదు, వినడం. ఛానల్ మీద ఎవరైనా ఉన్నారా అని విన్న తరువాతే బటన్ నొక్కాలి. నొక్కాక ఒక క్షణం ఆగి మాట్లాడాలి, లేకపోతే మొదటి అక్షరం తెగిపోతుంది. ఒకరు ముగించాక ఇంకొకరు వెంటనే అందుకోకూడదు. మధ్యలో ఒక శ్వాస ఖాళీ వదలాలి. ఎందుకంటే ఆ ఖాళీలో, ఎక్కడో ఆపదలో ఉన్న బలహీనమైన గొంతు ఒకటి దూరడానికి చోటుండాలి. నేను ఇరవై ఏళ్లలో నేర్చుకున్న గొప్ప మర్యాద ఇదే. ఇంట్లో కూడా పనికొస్తుందని మా ఆవిడ అంటుంది. ఇక ఆపదలో సందేశం నోటికొచ్చినట్టు చెప్పరు. ఎవరి నుంచి, ఎవరికి, ఏ సమయానికి, ఏం కావాలి అని కాగితం మీద రాసి చదువుతారు. అవతలివాళ్లు రాసుకుని తిరిగి చదివి వినిపిస్తారు. "పదిహేను మంది" "యాభై మంది" కాకూడదు కదా.

పిల్లలకు ఒక హెచ్చరిక కూడా. ఆన్‌లైన్‌లో వాకీటాకీలు చవగ్గా కనిపిస్తాయి. హామ్ సెట్టును లైసెన్సు లేకుండా వాడటం నేరం. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నుంచీ ఇదే నియమం. ఇది మనల్ని ఆపడానికి పెట్టింది కాదు. పోలీసులు, అంబులెన్సులు, విమానాలు వాడే దారుల్లోకి మనం తెలియక దూరకుండా పెట్టింది. లైసెన్సుకు పరీక్ష ఉంటుంది, పోలీసు విచారణ ఉంటుంది, నెలలు పడుతుంది. ఓపిక పట్టండి. పరీక్షలో అడిగేదానిలో చాలావరకు మీ ఫిజిక్స్ పుస్తకంలోనే ఉంది.

ఇక నా విన్నపం. స్వర్ణోత్సవ నిధిలో ఖర్చులు పోను కొంత మిగులుతుందని కోశాధికారి గారు చెప్పారు. దానితో స్వాగత తోరణం కట్టిద్దామని ఒక ఆలోచన ఉంది. తోరణానికి నేను వ్యతిరేకిని కాదు. బడి అన్నాక గేటుండాలి. కానీ బడికి గేటు ఇప్పటికే ఉంది. మన బడిలో ఒక రేడియో క్లబ్బు పెడదామని నా ప్రతిపాదన. కావలసినవి ఎక్కువ లేవు. సైన్స్ ల్యాబ్ పక్కనున్న ఖాళీ గది, ఒక 7 మెగాహెర్ట్జ్ సెట్టు, రెండు చేతిసెట్లు, కప్పు మీద తీగ, ఒక బ్యాటరీ, దాన్ని నింపడానికి ఒక సోలార్ పలక, సోల్డరింగ్ ఐరన్లు. మొదటి ఏడాది కేవలం వినడం, కట్టడం, చదవడం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, హైదరాబాద్ సంస్థ సాయంతో పరీక్షకు తయారవుతారు. ఇద్దరు ఉపాధ్యాయులు కూడా రాయాలి. పిల్లలు పదో తరగతి అయ్యాక వెళ్లిపోతారు, బడిలో ఉండేది సార్లే, మేడంలే. లైసెన్సులు వచ్చాక క్లబ్బు పేరిట స్టేషన్. ఆ తరువాత, నలుగురు నిలకడగా ఉన్నారని తేలాక, అనుమతులు తీసుకుని గుట్ట మీద రిపీటర్. ముందు మనుషులు, తరువాత యంత్రం. ఈ వరుస మారితే గుట్ట మీద తుప్పుపట్టిన పెట్టె ఒకటి మిగులుతుంది.

"ఎవరు చూసుకుంటారు?" అని మా బ్యాచ్ మిత్రుడు నిన్న రాత్రి అడిగాడు. న్యాయమైన అనుమానం. మన బళ్లలో ప్రారంభోత్సవం నాటి కంప్యూటర్ల మీద దుప్పటి ఇంకా తీయని సందర్భాలు మనకు తెలుసు. అందుకే నా వంతు చెబుతున్నాను. రెండేళ్లపాటు నెలకు ఒక ఆదివారం నేను ఇక్కడ ఉంటాను. నా ఖర్చులు నావే. నాలాంటి వాళ్లు ఇంకో ముగ్గురు దొరికితే పిల్లలకు ప్రతి ఆదివారం ఎవరో ఒకరు ఉంటారు. డబ్బు తరువాత అడుగుతాను. ముందు ఆదివారాలు అడుగుతున్నాను.

పిల్లలకు వచ్చేదేమిటి? ఓం నియమాన్ని పరీక్ష కోసం కాకుండా, పొగలు వచ్చిన రెసిస్టర్ వల్ల నేర్చుకుంటారు. భూగోళాన్ని మ్యాపులో కాకుండా, గొంతుల్లో నేర్చుకుంటారు. 2025 జులైలో శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రం నుంచి మన దేశ విద్యార్థులతో మాట్లాడింది హామ్ రేడియోలోనే. ఆ కేంద్రం మన ఊరి మీదుగా కూడా పోతుంది. 145.8 మెగాహెర్ట్జ్ దగ్గర చెవి పెడితే, వాళ్లు మాట్లాడుతున్న వేళ మన గుట్ట మీద కూడా వినిపిస్తుంది. ఇస్రో 2005 మేలో శ్రీహరికోట నుంచి కేవలం హామ్‌ల కోసం హామ్‌శాట్ అనే చిన్న ఉపగ్రహాన్నే పంపింది. అదీ ఒక రిపీటర్ లాంటిదే. గుట్టకు బదులు ఆకాశం ఎక్కింది, అంతే.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఏదో ఒక వానాకాలం రాత్రి, కరెంటు లేనప్పుడు, ఫోన్లు పలకనప్పుడు, ఏదో ఒక చెరువు కట్ట మీద నిలబడ్డ మనిషికి ఒక కబురు చెప్పవలసి వస్తుంది. అది ఈ ఏడాదా, పదేళ్లకా, ఎవరికీ తెలియదు. ఆ కబురు అందుకునే చెవి ఒకటి ఈ ఊళ్లో మేల్కొని ఉండాలి. ఆ చెవి మన బడి పిల్లలదైతే, ఈ యాభై ఏళ్ల చదువుకు అంతకన్నా తోరణం అక్కరలేదని నా నమ్మకం.

హామ్‌లు సెలవు తీసుకునేటప్పుడు "73" అంటారు. టెలిగ్రాఫ్ కాలం నాటి మాట, శుభాకాంక్షలు అని అర్థం. మన దేశంలో టెలిగ్రామ్ 2013 జులైలో ఆగిపోయింది. ఈ మాట మాత్రం గాలిలో ఇంకా నడుస్తోంది. గురువులకు పాదాభివందనం. మీ అందరికీ 73. పేరు ఇవ్వదలచినవాళ్లు భోజనాల దగ్గర నన్ను కలవండి. నోటుపుస్తకం తెచ్చాను.